అప్‌డేట్: ఫుట్‌బాల్ ముఠాల సినిమాలు చూశాను

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అభిమానుల ముఠా కొట్లాటల మీద వచ్చిన సినిమాల్లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి అని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో నాలుగు చూసేశాను. అందరికీ చాలా థాంక్స్.

నా ఓటు 'ది ఫర్మ్'కే. 2009 రీమేక్ కాదు, 1989లో బీబీసీ కోసం అలన్ క్లార్క్ తీసింది. గ్యారీ ఓల్డ్‌మన్ వేసిన ముఠా నాయకుడు బెక్స్ గతిలేక చెడిపోయినవాడు కాదు. ఇళ్లు అమ్మిపెట్టే ఉద్యోగం, సొంత ఇల్లు, భార్య, పసిబిడ్డ, అన్నీ ఉన్నాయి. అతను ఇంట్లో వదిలేసిన కత్తిని చంటివాడు నోట్లో పెట్టుకునే సీన్ దగ్గర నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పాజ్ చేసి, మంచినీళ్లు తాగి వచ్చాకే మిగతాది చూడగలిగాను. సినిమాలో ఫుట్‌బాల్ ఆట దాదాపు కనిపించదు, అదే దాని బలం.

'ఐ.డి.' (1995) కూడా వదలకండి. ముఠా గుట్టు లాగడానికి మారువేషంలో వెళ్లిన పోలీసు మెల్లగా వాళ్లలో ఒకడైపోతాడు. 'ది ఫుట్‌బాల్ ఫ్యాక్టరీ' (2004) పర్వాలేదు.

బాధపెట్టింది మాత్రం 'గ్రీన్ స్ట్రీట్' (2005). హార్వర్డ్ నుంచి గెంటేసిన అమెరికన్ కుర్రాడు లండన్‌లో వెస్ట్ హామ్ అనే ఫుట్‌బాల్ క్లబ్ అభిమానుల ముఠాలో చేరతాడు. తలలు పగలగొట్టుకోవడాన్ని స్నేహం, మగతనం అన్నట్టు చూపించారు, అది నాకు అస్సలు మింగుడుపడలేదు. ఇందులో నటించిన చార్లీ హనమ్‌ది ఉత్తర ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్; అతను పలికిన లండన్ యాసను అక్కడివాళ్లు బాగా తిట్టారట. యాస తప్పితే మనకెంత చిరాకో వాళ్లకీ అంతే కదా.

'క్యాస్' (2008) ఈ ఆదివారం చూస్తాను.