బాపును తీసుకుపోయిన మనిషి ఇప్పుడు మాట్లాడతానంటున్నాడు, అమ్మను ఒప్పించాలా?

మానేరు_ఒడ్డు:
మాది పాత కరీంనగర్ జిల్లాలో మానేరు పక్కన ఊరు. 1997లో, నాకు ఆరేళ్ళప్పుడు, నక్సలైట్ల దళం వాళ్ళు రాత్రి వచ్చి బాపును పిలుచుకుపోయారు. తెల్లారి చెరువు కట్ట మీద శవం, పక్కన ఇన్ఫార్మర్ అని రాసిన కాగితం. బాపు అలాంటి మనిషి కాదని ఊరందరికీ తెలుసు, కానీ అప్పుడు నోరు తెరిచి అన్నవాళ్ళు లేరు. ఆ రాత్రి తలుపు కొట్టి "అన్నా, ఒక్క నిమిషం బయటికి రా" అన్నది మా ఊరి మనిషే, నాకు వరసకు చిన్నాయన అవుతాడు. కొన్నేళ్ళకు లొంగిపోయి ఊరికొచ్చాడు, ఆటో నడుపుకుంటున్నాడు. అప్పటి నుంచి ఒకే వాడలో ఉంటున్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకోం.

పోయిన నెల మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ బీడీలకు ఆకు కత్తిరిస్తోంది. "వదినె, ఒక్కసారి నీతోని మాట్లాడాలె" అన్నాడు. కత్తెర ఆగింది. అమ్మ తల ఎత్తలేదు, ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఊరి పెద్దమనుషులు పాత పగలెందుకు, అందరి ముందు చేతులు కలపండి అని మా మీద పడ్డారు. రువాండాలో చంపినవాళ్ళూ బతికి బయటపడ్డవాళ్ళూ పక్కపక్కనే ఉంటున్నారని చదివాను. అదెలా కుదిరింది, తెలిసినవాళ్ళు చెప్పండి. అమ్మను ఒప్పించాలా వద్దా తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

కొండల_దేశంలో:
నేను రువాండా రాజధాని కిగాలీలో నాలుగేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పాను, అక్కడ విన్నదీ చూసిందీ చెప్తాను. 1994లో దాదాపు 100 రోజుల్లో 8 లక్షల మంది దాకా చనిపోయారు, ఎక్కువ మంది టుట్సీ తెగవాళ్ళు, చాలాచోట్ల చంపింది పక్కింటివాళ్ళే. తర్వాత జైళ్ళలో లక్ష మందికి పైగా కుక్కారు, విచారించడానికి జడ్జీలు లేరు, లాయర్లు లేరు, వాళ్ళలోనూ చాలామంది చచ్చిపోయారు కదా. అందుకే ఊరి రచ్చబండ లాంటి పాత పద్ధతిని బయటికి తీసి గచాచా కోర్టులు పెట్టారు. గచాచా అంటే గడ్డి, గడ్డిలో కూర్చుని తగువు తీర్చేవాళ్ళన్నమాట. 2002లో మొదలై 2012 జూన్‌లో మూసేసేదాకా 12,000 దాకా కోర్టులు నడిచాయి, జడ్జీలు కూడా ఊరివాళ్ళు ఎన్నుకున్న మామూలు మనుషులే. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గేది, కానీ ఒప్పుకోవడం అంటే తప్పయింది అనేస్తే సరిపోదు, ఎవరిని చంపావు, నీతో ఎవరున్నారు, శవం ఎక్కడ పడేశావు అన్నీ చెప్పాలి.

నాతో పనిచేసిన ఒకావిడ తమ్ముడి ఎముకలు అలాగే దొరికాయి. చంపినవాడు వచ్చి పాడుబడ్డ మరుగుదొడ్డి గుంట చూపించాడు. ఆమె వాటిని తన చేత్తో కడిగి, గుడ్డలో చుట్టి పాతిపెట్టింది. ఆ మనిషి పొలం పక్క నుంచే ఇప్పుడు నీళ్ళకు వెళ్తుంది, ఎదురైతే పలకరిస్తుంది. క్షమించావా అని మాత్రం అడగొద్దని నాతో ముందే అంది, పదేళ్ళుగా అందరూ అదే అడుగుతున్నారట. నాకు అర్థమైంది ఏంటంటే తమ్ముడు ఎక్కడున్నాడో తెలిశాక ఆమెకు నిద్ర పట్టింది, క్షమించడం వేరే సంగతి.

అడ్వకేట్_వరంగల్:
రువాండాను మరీ ఎత్తేయొద్దు. గచాచాలో ముద్దాయికి లాయర్ లేడు, ఆ యుద్ధంలో గెలిచి అధికారంలోకి వచ్చిన పక్షం సైనికులు చేసిన హత్యలు అక్కడ విచారణకే రాలేదు, శిక్ష తగ్గుతుందని సగం సగం ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు, ఆస్తి పోయినవాళ్ళకు కట్టాల్సిన డబ్బు చాలామందికి అందనేలేదు.

దక్షిణాఫ్రికా సంగతి కూడా చూడండి. తెల్లవాళ్ళ జాతివివక్ష పాలన పోయాక, అప్పటి నేరాల నిజాలు తేల్చడానికి సత్య సయోధ్య కమిషన్ పెట్టారు, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షుడిగా 1996లో విచారణలు మొదలయ్యాయి. రాజకీయ కారణాలతో చేసిన నేరం గురించి పూర్తి నిజం చెప్తే కేసు ఉండదన్నారు, పశ్చాత్తాపపడాలన్న షరతు కూడా లేదు. 1977లో పోలీసుల చేతుల్లో చనిపోయిన నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో కుటుంబం మాకు ఇది వద్దు, కోర్టులో శిక్ష పడాలి అని రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళి ఓడిపోయింది. 1999లో ఆ పోలీసులు అడిగిన మాఫీని మాత్రం కమిషన్ తిరస్కరించింది. దేశమంతా సయోధ్య అంటున్నప్పుడు ఒక కుటుంబం కాదంది, దాన్ని తప్పని నేను అనలేను.

మన దగ్గరైతే అసలు అడిగే వేదికే రాలేదు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయి, కాల్పుల విరమణ గురించీ భూమి గురించీ మాట్లాడారు, మీ అమ్మలాంటివాళ్ళకు అక్కడ కుర్చీ లేదు. లొంగిపోయినవాడికి తల మీద ఉన్న రివార్డే పునరావాసం కింద ఇస్తారు, బాగానే ఉంది, కానీ ఎవరిని ఎందుకు చంపారో ఆ ఇంటికి చెప్పాలని ఏ కాగితంలోనూ లేదు. కాబట్టి పెద్దమనుషుల మాట వినకండి. చేతులు కలపడం వాళ్ళకు కావాలి, మీకు కాదు.

సుజాతక్క:
తమ్ముడూ, నాది అవతలి ఇల్లు. మా తమ్ముడు దళంలోకి పోయి ఎన్‌కౌంటర్‌లో పోయాడు. మూడు రోజులకు శవం ఇచ్చారు, మొహం గుర్తుపట్టలేకపోయాం, చేతి మీద చిన్నప్పుడు కాలిన మచ్చ చూసి అమ్మ వాడేనంది. పట్టుకుని కాల్చారా, ఎదురుపడి కాల్చారా అని ఒక్క ముక్క చెప్పేవాడు ఈ రోజు దాకా దొరకలేదు. మీ వాకిట్లోకి చెప్పే మనిషి తనంతట వచ్చాడు. అయినా అమ్మను ఒప్పించొద్దు. ఏం అడగాలనుందో అమ్మను అడుగు, ఏమీ లేదంటే వదిలెయ్. అడగాలంటే నువ్వు పక్కన కూర్చో, ఊరిని పిలవొద్దు, ఫోన్‌లో వీడియోలు తీయనివ్వొద్దు.

మానేరు_ఒడ్డు:
అందరికీ దండాలు. సుజాతక్కా, నువ్వన్నట్టే నిన్న రాత్రి అమ్మను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండే అంది. బాపు పేరు ఎవరు ఇచ్చారు. కట్ట మీదికి తీసుకుపోయినంక నీళ్ళు అడిగిండా, అడిగితే ఇచ్చిండ్రా. ఇన్నేళ్ళలో ఈ రెండో మాట అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు.

పెద్దమనుషులకు రావొద్దని చెప్పేశాను, ఒకరిద్దరికి కోపం వచ్చింది. చిన్నాయనకు ఫోన్ చేసి ఈ రెండూ ముందే చెప్పాను, జవాబు ఉంటేనే రమ్మన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు, తర్వాత "ఉంది బిడ్డా" అన్నాడు. ఆదివారం పొద్దున వస్తాడు. ఇంట్లోకి వద్దంది అమ్మ, వాకిట్లో వేపచెట్టు కింద రెండు కుర్చీలు వెయ్యమంది.