హాస్కెల్ నుంచి ఎఫ్ఎఫ్ఎంపెగ్ పిలిస్తే సగంలో ఆగిపోతోంది, క్రాన్‌లో పెడితే 56544 అంటోంది

క్యాసెట్ల కిట్టు:

మా నాన్న ఒకప్పుడు ఊళ్లలో పద్యనాటకాలు ఆడేవారు. ఆ రాత్రుళ్లు రికార్డు చేసిన క్యాసెట్లు రెండు అట్టపెట్టెల నిండా ఉంటే అన్నిటినీ వేవ్ ఫైళ్లుగా ఎక్కించి ఓ పాత నెట్‌బుక్‌లో పెట్టా. పేర్లన్నీ తెలుగులోనే ఇచ్చా, ఎందుకంటే వెతుక్కుని వినేది ఆయనే. వాటిని ఎంపీత్రీ చేయడానికి ప్రోగ్రామ్ రాశా. హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నా కాబట్టి బాష్‌లో పది లైన్లలో అయ్యే పనికి నూట ఇరవై లైన్లు పట్టాయి, నవ్వకండి.

ఫోల్డర్‌లో కొత్త ఫైలు కనిపిస్తే దాని పేరు ప్రింట్ చేసి, క్రియేట్‌ప్రాసెస్ అనే ఫంక్షన్‌తో, ఆడియో ఫార్మాట్ మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రామ్‌ని నడుపుతుంది. అది సందేశాలు రాసే స్టాండర్డ్ ఎర్రర్‌ని పైపులోకి (ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకోటి చదివే దారి) తీసుకుంటున్నా. వెయిట్‌ఫర్‌ప్రాసెస్‌తో అది ముగిసేదాకా ఆగి, అప్పుడు ఆ పైపు చదివి లాగ్‌లో రాస్తున్నా.

పది నిమిషాల పద్యాలైతే చక్కగా అవుతున్నాయి. మూడు గంటల పూర్తి నాటకం ఇస్తే ఆరేడు నిమిషాలు నడిచి ఆగిపోతుంది, ఎర్రర్ లేదు, సీపీయూ సున్నా, రాత్రంతా వదిలేసినా అంతే. ఇది ఒకటి. రెండోది, అదే ప్రోగ్రామ్ వేళకి తనంతట తనే నడిచేలా క్రాన్‌లో పెడితే మొదటి ఫైలు దగ్గరే 'కెనాట్ ఎన్‌కోడ్ క్యారెక్టర్ 56544' అని చచ్చిపోతోంది. టెర్మినల్‌లో ఈ ఎర్రర్ ఎప్పుడూ రాలేదు. టైపులన్నీ సరిపోయి కంపైల్ అయ్యాక కూడా ఇదేం గొడవ అన్నా?

పాత యూనిక్స్ మనిషి:

మొదటిది నాకు తెలుసు, సీ భాషలో రాసే రోజుల్లోనే ఓ వారం తినేసింది. లైనక్స్‌లో పైపు పట్టేది మామూలుగా 65,536 బైట్లు. అది నిండితే రాసేవాడిని కర్నెల్ నిద్రపుచ్చుతుంది, అవతలివాడు కాస్త చదివేదాకా లేవడు. నువ్వేమో వాడు పని ముగించాకే చదువుతానని కూర్చున్నావు, వాడేమో నువ్వు చదివితే గాని ముందుకు కదలడు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన ప్రోగ్రెస్ లైను సుమారు అర సెకనుకోసారి స్టాండర్డ్ ఎర్రర్‌కే రాస్తుంది. లైనుకు ఎనభై బైట్లు అనుకో, సెకనుకు 160, అంటే నాలుగు వందల సెకన్లు దాటగానే పైపు నిండింది. నీ ఆరేడు నిమిషాల లెక్క సరిపోయింది చూడు. చిన్న పద్యాలు పైపు నిండకముందే అయిపోతున్నాయి కాబట్టి బతికిపోయాయి.

క్రియేట్‌ప్రాసెస్ పక్కన పెట్టి రీడ్‌ప్రాసెస్‌విత్‌ఎగ్జిట్‌కోడ్ వాడు. స్టాండర్డ్ అవుట్‌పుట్, స్టాండర్డ్ ఎర్రర్ రెండు పైపులనూ వేర్వేరు థ్రెడ్లతో చదువుతూనే ఉంటుంది, ఆ తర్వాతే ఎగ్జిట్ కోడ్ కోసం ఆగుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి నోఎస్‌టీడీఇన్ ఆప్షన్ కూడా ఇచ్చెయ్, లేకపోతే కీబోర్డు ఇన్‌పుట్ తనకే అనుకుని లాగేస్తుంది. కమాండ్‌ని ఒకే స్ట్రింగ్‌గా అతికించి షెల్‌కి ఇస్తుంటే అదీ మానుకో. ఆర్గ్యుమెంట్లు లిస్టుగా ఇస్తే పేరులో ఖాళీ ఉన్నా కొటేషన్ గుర్తు ఉన్నా తేడా రాదు.

క్యాసెట్ల కిట్టు:

లిస్టుగానే ఇస్తున్నా. మీరు చెప్పినట్టు మార్చాక మూడు గంటల నాటకం మొత్తం అయిపోయింది, థాంక్స్ అన్నా! పేరు ప్రింట్ చేసే లైన్ తీసేసి క్రాన్‌లో మళ్లీ పెట్టా. ఈసారి 56544 రాలేదు గానీ 'కెనాట్ డీకోడ్ బైట్ సీక్వెన్స్ స్టార్టింగ్ ఫ్రమ్ 224' అంటోంది. విచిత్రం ఏంటంటే ఎంపీత్రీ ఫైలు మాత్రం సరైన తెలుగు పేరుతో తయారై కూర్చుంది.

బైట్ల బాబాయ్:

కిట్టూ, ఆ రెండు నంబర్లూ ఒకటే. 56544 లోంచి 56320 తీసెయ్, ఎంత వచ్చింది? 224.

తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 3072 నుంచి 3199 దాకా ఉంటాయి, వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, అందులో మొదటి బైటు ఎప్పుడూ 224. హిందీకీ తమిళానికీ కూడా అదే, అందుకే మనవాళ్లు పోస్ట్ చేసే ఇలాంటి ఎర్రర్లలో 224 కనబడితే నేను మిగతాది చదవను.

జరిగింది ఇది. హాస్కెల్‌లో స్ట్రింగ్ అంటే అక్షరాల లిస్టు, లైనక్స్‌కి ఫైలు పేరంటే ఉత్త బైట్లు. మధ్యలో అనువాదం ఎలా చేయాలో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ లొకేల్ (ఏ భాష, ఏ అక్షరాల పద్ధతి అని చెప్పే సెట్టింగ్) చూసి నిర్ణయించుకుంటుంది. ఆ లొకేల్ చెప్పే ల్యాంగ్ సెట్టింగ్‌ని నువ్వు టెర్మినల్ తెరవగానే చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో పెట్టుకుని ఉంటావు, క్రాన్ దాన్ని చదవదు, కాబట్టి అక్కడ లొకేల్ వట్టి సీ, అంటే ఇంగ్లిష్ అక్షరాలే తెలిసిన ఆస్కీ. ఆస్కీలో 127 దాటిన బైటే లేదు. అయితే ఫైలు పేర్ల విషయంలో జీహెచ్‌సీ ఓ జాగ్రత్త తీసుకుంది: అర్థంకాని బైటుకి 56320 కలిపి ఓ దొంగ అక్షరంగా లోపల దాచుకుంటుంది, తిరిగి ఫైలు తెరిచేటప్పుడో వేరే ప్రోగ్రామ్‌కి ఆర్గ్యుమెంట్‌గా పంపేటప్పుడో తీసేస్తుంది. అందుకే నీ ఎంపీత్రీ పేరు చెక్కుచెదరలేదు. స్క్రీన్‌కి ప్రింట్ చేయబోతే మాత్రం ఆ దొంగ అక్షరం బయటపడి 56544 అంది. రెండోసారి ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన లాగ్‌లో 'ఇన్‌పుట్ ఫలానా ఫైలు' అని తెలుగు పేరు రాసింది, పైపులోంచి వచ్చేదానికి ఈ జాగ్రత్త లేదు, కాబట్టి 224 దగ్గర ఆగింది.

మెయిన్ మొదటి లైన్‌లోనే సెట్‌లొకేల్‌ఎన్‌కోడింగ్, సెట్‌ఫైల్‌సిస్టమ్‌ఎన్‌కోడింగ్ రెండింటికీ యూటీఎఫ్8 ఇచ్చెయ్. లేదంటే క్రాన్ పనులు రాసే క్రాన్‌టాబ్ ఫైలు పైన ల్యాంగ్‌ని 'సీ డాట్ యూటీఎఫ్-8' అని రాసుకో. నేనైతే రెండూ చేస్తా, మెషీన్ మారితే క్రాన్‌టాబ్ రాయడం మర్చిపోతాం కాబట్టి. నీ టైపుల సందేహానికొస్తే, టైపులో ఐఓ అని కనబడితే ఇక్కడ బయటివాళ్లతో పని ఉందని తెలుస్తుంది, ఆ బయటివాళ్లు ఏ లొకేల్‌లో మాట్లాడతారో, పైపు ఎంత పడుతుందో టైపులో ఎక్కడ రాసుంది చెప్పు?

పైథాన్ పక్షం:

ఇంత తతంగం అవసరమా? ఇదే పని నేను పైథాన్‌లో రాసి క్రాన్‌లో పడేశా, తెలుగు పేర్లు హాయిగా ప్రింట్ అవుతున్నాయి.

బైట్ల బాబాయ్:

అవుతాయి, ఎందుకంటే మీవాళ్లు ఈ దెబ్బలు ముందే తిన్నారు. 2018లో వచ్చిన 3.7 నుంచి లొకేల్ వట్టి సీ అని కనబడితే పైథాన్ తనంతట తనే యూటీఎఫ్-8కి మారిపోతుంది. ఫైలు పేర్లలో దొంగ అక్షరాల కిటుకు మీకూ ఉంది, సరొగేట్‌ఎస్కేప్ అంటారు. అయితే పైపు నిండే సమస్య మీకూ ఉంది బాబూ, పీఓపెన్‌తో వేరే ప్రోగ్రామ్ నడిపి, దాని పైపు చదవకుండా వెయిట్ పిలిచి చూడు.

క్యాసెట్ల కిట్టు:

మెయిన్‌లో ఆ రెండు లైన్లు పెట్టా, క్రాన్ రాత్రి పదకొండు ఫైళ్లు చేసింది! ఒక్కటి మిగిలింది. అయిపోయిన పేర్లు ఓ ఫైల్లో రాసుకుంటున్నా, రీడ్‌ఫైల్‌తో చదివి, కొత్త పేరు కలిపి, అదే ఫైలుకి రైట్‌ఫైల్ చేస్తే 'రిసోర్స్ బిజీ, ఫైల్ ఈజ్ లాక్డ్' అంటోంది. వేరే టెర్మినల్ నుంచి ఎకోతో అదే ఫైల్లోకి రాస్తే మాత్రం రాస్తోంది, ఇంక లాక్ ఎక్కడుంది?

పాత యూనిక్స్ మనిషి:

ఆ తాళం లైనక్స్ వేసింది కాదు, మీ హాస్కెల్ రన్‌టైమ్ తనకు తానే వేసుకుంది, ఒకే ప్రోగ్రామ్‌లో ఒక ఫైలుని చదువుతూ రాయనివ్వదు. రీడ్‌ఫైల్ బద్ధకంగా చదువుతుంది కదా, నువ్వు చివరి అక్షరం అడిగేదాకా ఫైలు తెరిచే ఉంటుంది. బద్ధకం లేని రీడ్‌ఫైల్ ప్రైమ్ వాడు, లేదా టెక్స్ట్ లైబ్రరీలోది. రాసేటప్పుడు కూడా నేరుగా దాని మీద రాయకు, పక్కన అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో రాసి రీనేమ్ చెయ్, మధ్యలో ప్రోగ్రామ్ చచ్చిపోయినా సగం రాసిన లిస్టు మిగలదు.

క్యాసెట్ల కిట్టు:

చేశా, పోయింది. లిస్టుని ప్రింట్ ఫంక్షన్‌తో చూస్తే తెలుగుకి బదులు 3108, 3142, 3122 అని నంబర్లు వస్తున్నాయి, ఇది మళ్లీ లొకేలేనా?

బైట్ల బాబాయ్:

కాదు కాదు. ప్రింట్ అంటే షో చేసి చూపించడం, షో ఆస్కీ కానిదాన్నంతా నంబర్లుగానే రాస్తుంది. పుట్‌స్ట్రింగ్‌లైన్ వాడు. 3108 అంటే త, 3142 ఎత్వం, 3122 ల. నాన్నగారికి ఆ లిస్టు ఇవ్వకముందు మార్చు.