అప్‌డేట్: ఏబీఎస్ ప్లాస్టిక్ బాక్స్ పక్క గోడల మీద గీతలు పోయాయి

పోయిన నెల అడిగాను కదా, 40 మిల్లీమీటర్ల లోతున్న ఏబీఎస్ బాక్సుకి బయటి గోడల మీద నిలువు గీతలు పడుతున్నాయని. అప్పుడు డ్రాఫ్ట్ (మౌల్డ్ నుంచి బాక్సు సులువుగా బయటికి రావడానికి గోడలకిచ్చే వాలు) అర డిగ్రీ. పాలిష్ చేసిన మౌల్డ్‌కి అది సరిపోయేదేమో కానీ, మేం దాని మీద టెక్స్చర్ (గరుకు డిజైన్) వేయించాం. మీరు చెప్పింది నిజమే: టెక్స్చర్ లోతు ప్రతి 0.025 మిల్లీమీటర్లకి సుమారు ఒకటిన్నర డిగ్రీ అదనంగా ఇవ్వాలి.

డ్రాఫ్ట్ 3 డిగ్రీలు చేశాం. అడుగు కొలత మార్చలేదు, మూతి ఒక్కో వైపు 1.75 మిల్లీమీటర్లు పెరిగింది. క్యావిటీలో (బాక్సు బయటి వైపుకి ఆకారమిచ్చే మౌల్డ్ భాగం) లోహం తీసేస్తే చాలు కాబట్టి, వెల్డింగ్ చేసి లోహం చేర్చక్కర్లేదనుకుని సంతోషించాను. బెంగళూరు పీణ్యాలో టూల్ రూమ్ (మౌల్డులు చేసే వర్క్‌షాప్) పెద్దాయన, మన చిత్తూరు వైపు మనిషి, డ్రాయింగ్ చూసి "మరి కోర్ సంగతేంటి బాబూ?" అన్నారు. కోర్ అంటే బాక్సు లోపలి వైపుకి ఆకారమిచ్చే భాగం. దాన్ని అలాగే ఉంచితే మూతి దగ్గర గోడ మందం 2.5 నుంచి 4 మిల్లీమీటర్లు దాటిపోతుంది, సింక్ మార్కులు (ప్లాస్టిక్ చల్లారేటప్పుడు పైన పడే గుంటలు) ఖాయం. చివరికి కొత్త కోర్ చేయించాం. మూత కూడా మార్చాల్సి వచ్చింది, ఆ ఖర్చు నేను లెక్క వేసుకోలేదు.

రిబ్బులకి (బాక్సుకి బలమిచ్చే సన్నటి పట్టీలు) మాత్రం అర డిగ్రీయే ఉంచాం. వాటికీ పెంచితే వాటి మొదలు భాగం లావైపోతుంది.

నిన్న ట్రయల్ తీశాం. ఒక్క గీత లేదు. నెల రోజుల టెన్షన్ తీరింది, అందరికీ చాలా థాంక్స్ అండీ.