రేసు కారులో డిజిటల్ డాష్‌బోర్డు, డేటా లాగర్ అమరికపై సందేహం

ప్రశ్న (హనుమకొండ నుంచి):
మా కళాశాల విద్యార్థి బృందం తయారు చేస్తున్న రేసు కారులో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) నుంచి క్యాన్ బస్ (పరికరాలు సమాచారం పంచుకునే రెండు తీగల లైను) ద్వారా డాష్‌బోర్డుకు, డేటా లాగర్‌కు (కొలతలను నమోదు చేసే పరికరానికి) సమాచారం పంపుతున్నాము. ఇంజిన్ వేగం పెరిగినప్పుడల్లా తెర మీది అంకెలు కదలకుండా నిలిచిపోతున్నాయి. లోపాన్ని ఎక్కడ వెతకాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు (కాజీపేట నుంచి):
ముందుగా బ్యాటరీ తీసివేసి, బస్‌లోని ‘క్యాన్ హై’, ‘క్యాన్ లో’ అనే రెండు తీగల మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవండి. బస్ రెండు చివరలా 120 ఓమ్‌ల నిరోధకాలు ఉంటే దాదాపు 60 ఓమ్‌లు చూపాలి. 120 చూపితే ఒక చివర నిరోధకం లేదని, 40 చూపితే ఏదో పరికరం లోపల మూడోది ఉందని అర్థం. ఆ రెండు తీగలను ఒకదానితో ఒకటి మెలివేసి, ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కు అధిక వోల్టేజీ ఇచ్చే భాగం) తీగలకు దూరంగా నడపండి. వేగం పెరిగినప్పుడే ఇలా జరుగుతోందంటే నా మొదటి అనుమానం ఆ కాయిల్ తీగల నుంచి వచ్చే విద్యుత్ అలజడి మీదే.

జవాబు (కరీంనగర్ నుంచి):
పై సలహా సరైనదే. అయితే డేటా లాగర్‌లో అన్ని ఛానళ్లనూ (ఒక్కో సెన్సర్ కొలతనూ) సెకనుకు ఒకే సంఖ్యలో నమోదు చేయకండి. కూలెంట్ ఉష్ణోగ్రత నెమ్మదిగా మారుతుంది కనుక సెకనుకు ఒకటి రెండు సార్లు చాలు. సస్పెన్షన్ కదలికకు మాత్రం సెకనుకు కనీసం 100 సార్లు కావాలి. మన మే నెల ఎండలో తెర స్పష్టంగా కనబడుతుందో లేదో కూడా తప్పక పరీక్షించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే కొలిచాము, 120 ఓమ్‌లే చూపిస్తోంది. డాష్‌బోర్డు చివర నిరోధకం అమర్చి, తీగల దారి మార్చి మళ్లీ పరీక్షిస్తాము. ఇద్దరికీ కృతజ్ఞతలు.