గ్లాక్ 19కి ఏ సైట్స్ వేయించాలి? ట్రిటియమా, ఫైబరా?

శీను_డాలస్:
అందరికీ నమస్కారం. నా దగ్గర గ్లాక్ 19 పిస్టల్, జెన్ 5 (ఐదో తరం) ఉంది. గురి చూసుకోవడానికి కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ సైట్సే ఇంకా ఉన్నాయి. అదే, ముందు తెల్ల చుక్క, వెనక బకెట్ ఆకారంలో తెల్ల గీత. డాలస్ పక్కన గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను, రాత్రి పన్నెండింటికి మూస్తాం. ఆ టైముకి పార్కింగ్‌లో సగం లైట్లు వెలగవు. ట్రిటియం నైట్ సైట్స్ వేయించమని ఒకరంటే ఫైబర్ ఆప్టిక్ మంచిదని ఇంకొకరు అంటున్నారు. ట్రైజికాన్ కంపెనీ హెచ్‌డీ నైట్ సైట్స్ సెట్ చూశాను, నూట యాభై డాలర్ల దగ్గర ఉంది. అంత పెట్టడం దండగా? ఇంకో మాట, అవసరమైతే నైట్ షిఫ్టులో మా వాడు కూడా వాడాల్సి రావచ్చు. పెద్దగా అలవాటు లేనివాడికి కూడా చప్పున కనబడేవి కావాలి. షూటింగ్ రేంజ్‌లో నా తూటాలు కాస్త కిందికి, ఎడమకి పోతున్నాయి. సైట్స్ మారిస్తే అదీ సర్దుకుంటుందా?

కాకినాడ_కుర్రోడు:
శీనన్నా, ముందు చివరి ప్రశ్న తేల్చేద్దాం. కుడిచేతి వాటం వాడికి తూటా కిందికి, ఎడమకి పోతోందంటే నూటికి తొంభై మందిలో తప్పు వేలిది, సైట్స్‌ది కాదు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మిగతా వేళ్లు కూడా బిగుసుకుంటాయి, మొన కిందికి దిగుతుంది. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడకేసి ఉత్త ట్రిగ్గర్ నొక్కు. నొక్కిన క్షణంలో ఫ్రంట్ సైట్ కదిలిందా లేదా చూడు, నీకే తెలిసిపోతుంది. గ్లాక్ రియర్ సైట్ మామూలు ఎత్తు 6.5 మిల్లీమీటర్లు. 6.9ది వేస్తే పది గజాల దూరంలో తూటా దాదాపు ఒక అంగుళం పైకి పడుతుంది, అంతే. ఎడమకి పోయేది ఎడమకే పోతుంది.

ఇక సైట్స్ సంగతి. ఫ్రంట్ సన్నగా ఉండాలి, దాంట్లో ఎర్రదో ఆకుపచ్చదో ఫైబర్ ఉండాలి. రియర్ పూర్తిగా నలుపు, చుక్కలు వద్దే వద్దు. ముందు సైట్‌కి రెండు పక్కలా కాస్త వెలుతురు కనబడేలా వెనక గాడి వెడల్పుగా ఉండాలి. నేను షూటింగ్ మ్యాచ్‌లు ఆడతాను, మా స్క్వాడ్‌లో ఐరన్ సైట్స్ (ఎలక్ట్రానిక్ కాని మామూలువి) వాడేవాళ్లంతా ఇదే. డబ్బు కూడా మిగులుతుంది.

ఫిజిక్స్_మాస్టారు:
మ్యాచ్‌లు పట్టపగలు ఆడతారు తమ్ముడూ. ఆయన అడిగింది రాత్రి పన్నెండు గంటల సంగతి. ఫైబర్ తనంతట తాను వెలగదు, బయటి వెలుతురుని పోగుచేసి చివర చూపిస్తుంది. వెలుతురు లేకపోతే అది ఉత్త ప్లాస్టిక్ పుల్ల. ట్రిటియం అలా కాదు. హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రకం అది, సన్నటి గాజు గొట్టంలో మూసి ఉంటుంది. లోపలి పూత మీద ఎలక్ట్రాన్లు తగిలి పూత వెలుగుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, స్విచ్ అక్కర్లేదు. అర్ధాయువు 12.3 ఏళ్లు, అంటే పన్నెండేళ్లకి వెలుగు సగమవుతుంది. ఆ రేడియేషన్ చర్మాన్ని కూడా దాటలేదు కాబట్టి భయం లేదు, గొట్టం పగలగొట్టకుండా ఉంటే చాలు. రంగు ఆకుపచ్చే తీసుకోండి. చీకట్లో మన కన్ను బాగా పట్టేది ఆ రంగునే.

హైదరాబాదీ_99:
మీరు చుక్కల రంగు మీద కొట్టుకుంటున్నారు. ఇక్కడ ఇండియాలో మామూలు జనానికి మీ గ్లాక్ వాడే 9 ఎంఎం తూటా సైజే నిషిద్ధ బోరు. మా పెదనాన్న తన .32 రివాల్వర్ లైసెన్సు రెన్యువల్ కోసం చెప్పులు అరిగేలా తిరుగుతున్నాడు. కానివ్వండి, కానివ్వండి.

కాకినాడ_కుర్రోడు:
మాస్టారూ, ఎదుటి మనిషే కనబడనంత చీకట్లో మీ ఆకుపచ్చ చుక్క వెలిగి ఏం లాభం? ఎవరో తెలియకుండా కాలుస్తారా? కనబడేంత వెలుతురు ఉంటే నల్ల సైట్స్ కూడా కనబడతాయి.

ఫిజిక్స్_మాస్టారు:
రెంటికీ మధ్య ఒకటి ఉంటుంది. మనిషి ఎవరో పోల్చుకోగలం, చేతిలో ఏముందో తెలుస్తుంది, కానీ అతను వేసుకున్నది నల్ల జాకెట్. మీ నల్ల సైట్స్ ఆ జాకెట్‌లో కలిసిపోతాయి. ట్రిటియం పనికొచ్చేది అక్కడే.

లలిత_ఒహాయో:
ఇద్దరూ అసలు వస్తువు వదిలేశారు. టార్చ్! తుపాకీకి బిగించేదైనా సరే, చేతిలో పట్టుకునేదైనా సరే, ముందు వెలుగు కొనుక్కోండి శీను గారూ. ఎదుట ఉన్నది దొంగో, తాగి తూలుతూ వచ్చిన కస్టమరో దాంతోనే తెలుస్తుంది. వెలుగు పడితే ఏ సైట్స్ అయినా నల్లగా, స్పష్టంగా కనబడతాయి. చేతి టార్చ్ ఒకటి తప్పకుండా ఉండాలి. చూడాలనుకున్న ప్రతిదాని మీదకీ తుపాకీ తిప్పకూడదు కదా.

ఇంకోటి, మీ వయసెంతో చెప్పలేదు. నాకు నలభై ఆరు, చత్వారం వచ్చింది. ప్రోగ్రెసివ్ అద్దాలతో ఫ్రంట్ సైట్ స్పష్టంగా కనబడాలంటే తల పైకెత్తి, అద్దం కింది భాగంలోంచి చూడాలి. కంగారులో అలా ఎవరు చూస్తారు? సన్నటి ఫ్రంట్ నా కళ్లకి మసగ్గీతలా ఉంటుంది. నేను లావాటి నారింజ రంగు ఫ్రంట్ వేయించుకున్నాక ప్రాణం తెరిపిన పడింది. కుర్రవాళ్ల కళ్లతో అందరికీ సలహాలు ఇవ్వకండి.

కాకినాడ_కుర్రోడు:
లావు ఫ్రంట్ వేస్తే పాతిక గజాల దూరంలో మనిషి తల మొత్తం దాని వెనకే దాక్కుంటుంది అక్కా.

లలిత_ఒహాయో:
గ్యాస్ స్టేషన్‌లో పాతిక గజాలా? చిప్స్ ర్యాక్ నుంచి కౌంటర్ దాకా కూడా పది గజాలు ఉండదు బాబూ.

సత్తిబాబు_స్టోర్:
పొద్దుట్నుంచీ చదువుతున్నాను. ఇరవై ఏళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నవాణ్ణి, చెబుతున్నా విను శీనూ. ఏ సైట్సూ వద్దు. రిజిస్టర్‌లో చిల్లర మాత్రమే ఉంచు, నోట్లు ఎప్పటికప్పుడు డ్రాప్ సేఫ్‌లో, అదే హుండీలా సందులోంచి వేసే ఇనప్పెట్టెలో, వేసెయ్. "సేఫ్ తాళం మా దగ్గర ఉండదు" అని తలుపు మీద అంటించు. ఎవడైనా వస్తే చేతులు కనబడేలా పెట్టి ఉన్నది ఇచ్చెయ్. పార్కింగ్‌లో లైట్లు వెలగట్లేదన్నావే, ఆ నూట యాభై డాలర్లు పెట్టి ముందు బల్బులు మార్పించు.

శీను_డాలస్:
లైట్లు బిల్డింగ్ ఓనర్ చూసుకోవాలి బాబాయ్, చెప్పీ చెప్పీ నోరు పోయింది. లలిత గారూ, నాకు నలభై మూడు, మీరన్నది నిజమే, దగ్గరిది కాస్త మసకగానే ఉంటోంది. బిగించడం ఇంట్లో కుదురుతుందా?

ఫిజిక్స్_మాస్టారు:
ఫ్రంట్‌ది తేలిక. స్లైడ్, అదే తుపాకీ పైన వెనక్కి జరిగే భాగం, విప్పితే లోపల చిన్న స్క్రూ ఉంటుంది, 3/16 అంగుళం సన్న గోడ సాకెట్ కావాలి. ఒక చుక్క థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) వేయడం మరవకండి. రియర్‌ది మాత్రం గాడిలో బిగుతుగా ఉంటుంది, దానికి పుషర్ అనే పనిముట్టు ఉంది. సుత్తి జోలికి పోవద్దు. నేను ఓ షాపులో ఇస్తే సుత్తీ ఉలీ పట్టుకుని కొట్టాడు మహానుభావుడు. కొత్త సైట్ మీద గాటు, స్లైడ్ మీద గీత. అడిగితే "షూట్ చేయడానికి అడ్డం రాదుగా" అన్నాడు. పైగా ఫ్రంట్‌కి థ్రెడ్‌లాకర్ వేయలేదు, రేంజ్‌లో రెండో మ్యాగజైన్ (తూటాల పెట్టె) కాల్చేసరికి ఊడి ఎక్కడో పడింది. అరవై డాలర్లు తీసుకున్నాడు. అందుకే ఏ షాపునీ నమ్మొద్దంటాను.

కాకినాడ_కుర్రోడు:
మీకు జరిగిందని షాపులన్నీ దొంగలేనా? బావుంది. సత్తిబాబు గారూ, మీకు భయం ఉంటే మీరు ఇచ్చేయండి. అందరినీ చేతులెత్తమనడం ఏంటి? టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి లైసెన్సు లేకుండానే తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. రాత్రిపూట దొంగతనాన్ని ఆపడానికి ప్రాణాంతక బలం వాడొచ్చని కూడా అక్కడి చట్టంలో ఉంది.

సత్తిబాబు_స్టోర్:
షరతులున్నాయి, అవి కూడా చదువు. ఒడ్డున కూర్చుని నువ్వు ఎన్ని కబుర్లైనా చెబుతావు. రెండు బీరు కేసులకి మనిషిని కాల్చాక లాయర్ ఫీజు నువ్వు కడతావా? రాత్రిళ్లు నిద్ర నువ్వు తెచ్చిపెడతావా? అట్ట బొమ్మల మీద కాల్చి మెడల్స్ తెచ్చుకున్నోడివి, తుపాకీ ఎదురుగా ఎప్పుడైనా నిలబడ్డావా?

కాకినాడ_కుర్రోడు:
అట్ట బొమ్మల మీద కాల్చినవాడికి కనీసం కాల్చడం వచ్చు. మీలాంటి పెద్దమనుషులు కౌంటర్ కింద తుపాకీ పెట్టి ఐదేళ్లు దుమ్ము కూడా దులపరు. అసలు ప్రమాదం అదే.

శీను_డాలస్:
అయ్యా, నేను సైట్స్ అడిగాను. నీతులు అడగలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, లేనివాళ్లు వదిలేయండి.

సత్తిబాబు_స్టోర్:
సరే, ఒక్కటి చెప్పు. నైట్ షిఫ్టులో "మా వాడు" అన్నావు. ఎవడు వాడు?

శీను_డాలస్:
మా మేనల్లుడు. ఎంఎస్ చేయడానికి వచ్చాడు. వారానికి నాలుగు రాత్రులు చూసుకుంటున్నాడు. అయితే ఏంటి?

ఫిజిక్స్_మాస్టారు:
ఎఫ్-1 స్టూడెంట్ వీసానా? శీను గారూ, ఇది ముందే చెప్పాల్సింది. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. ఫెడరల్ చట్టం సెక్షన్ 922. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, లేకపోతే వాడి చేతికి అందేలా పెట్టిన మీకూ కేసే. 2022 సవరణ తర్వాత శిక్ష పదిహేనేళ్ల దాకా ఉంది.

లలిత_ఒహాయో:
క్యాంపస్ బయట అనుమతి లేని ఉద్యోగమే వాడి వీసాకి ఎసరు. దాని మీద తుపాకీ కూడానా? నిన్నట్నుంచి ఆకుపచ్చా నారింజా అని మమ్మల్ని కొట్టుకోనిచ్చారే!

శీను_డాలస్:
వాడు ముట్టుకోడు. కౌంటర్ కింద ఉంటుంది, అంతే. ఎప్పుడో ఏదో జరిగితే చేతికి అందాలని. మీకేం, ఇళ్లల్లో కూర్చుని సెక్షన్లు చెబుతారు. గ్యాస్ స్టేషన్లో మన పిల్లాడు పోయాడని వార్త వచ్చిన ప్రతిసారీ మా అక్క ఫోన్. "తమ్ముడూ, నీ దగ్గరున్నాడనే ధైర్యంగా ఉన్నానురా" అంటుంది. వాణ్ణి ఉత్త చేతులతో నిలబెట్టి, రేపు ఏమన్నా అయితే ఆవిడకి ఏం చెప్పను?

సత్తిబాబు_స్టోర్:
అందుకే అడిగాను. మా స్టోర్‌లోనూ కౌంటర్ కింద ఒకటి ఉండేది. పనిచేసే కుర్రాడికి "అవసరమైతేనే తియ్యి" అని చెప్పి ఇంటికెళ్లి పడుకునేవాణ్ణి. ఒక రాత్రి ముసుగు వేసుకుని ఒకడొచ్చాడు. కెమెరాలో అంతా ఉంది. వాడు డబ్బే అడిగాడు, చేతిలో కత్తి తప్ప ఏమీ లేదు. మావాడు కిందికి వంగాడు. తీసేలోపు వాడు కౌంటర్ ఎక్కి లాగేసుకున్నాడు. నా తుపాకీతోనే మావాణ్ణి కాల్చాడు. భుజంలో దిగింది, బతికాడు. ఇప్పటికీ ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. నువ్వు సైట్స్‌కి ఏ చుక్కలు పెట్టించినా మీ మేనల్లుడు వాటిని చూసే దాకా వ్యవహారం రానేరాదు.

కాకినాడ_కుర్రోడు:
సత్తిబాబు గారూ, అది విన్నాక నోట మాట రావడం లేదు. అయినా నా మాట మారదు. అక్కడ ఓడిపోయింది కౌంటర్ కింద పడేసిన తుపాకీ, నేర్పించకుండా అప్పగించిన పద్ధతి. ఒంటి మీద హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టుకుని, వారం వారం సాధన చేసే మనిషి సంగతి వేరు. శీనన్న తన కోసం పెట్టుకుంటే తప్పేముంది?

సత్తిబాబు_స్టోర్:
తన కోసం పెట్టుకుని తనే నిలబడమను. కాదన్నానా?

లలిత_ఒహాయో:
శీను గారూ, మీ అక్కగారికి చెప్పాల్సింది ఒక్కటే, వాణ్ణి రాత్రి షిఫ్టు నుంచి తీసేశానని.

శీను_డాలస్:
చెప్పడం తేలికండీ. రాత్రి షిఫ్టుకి మనిషి దొరకడం లేదు. వచ్చినవాడు రెండు వారాలుండి చెప్పకుండా మానేస్తాడు. సరే, తుపాకీ కౌంటర్ కింద ఉండదు. నేను ఉన్నప్పుడు నా నడుముకే ఉంటుంది, వెళ్లేటప్పుడు నాతోనే ఇంటికొస్తుంది. వాడి షిఫ్టు సంగతి మా ఇంటి విషయం, ఇక్కడ వద్దు.

ఫిజిక్స్_మాస్టారు:
నడుముకైతే ఇంకోటి చూసుకోండి. రియర్ సైట్ ముందు భాగం ఏటవాలుగా కాకుండా నిటారుగా ఉన్నది తీసుకోండి. ఒక చేతికి దెబ్బ తగిలినా బెల్టుకి తగిలించి స్లైడ్ లాగొచ్చు. ట్రిటియం ఫ్రంట్, చుట్టూ నారింజ వలయం, వెనక నలుపు. నా ఓటు దానికే.

కాకినాడ_కుర్రోడు:
వెనక నలుపు అని మొదటి రోజే చెప్పాను. ఇప్పుడు ఒప్పుకున్నారన్నమాట.

ఫిజిక్స్_మాస్టారు:
ఒప్పుకోవడమేంటి? నేను వెనక కూడా చుక్కలు పెట్టమని ఎక్కడన్నాను, పైకెళ్లి చదువుకో.

సత్తిబాబు_స్టోర్:
శీనూ, పదింటికి మూసెయ్.

శీను_డాలస్:
పదింటికి మూస్తే ఎదురు స్టోర్‌వాడికి పోతుంది బేరం. వాడు రెండింటి దాకా తెరిచే ఉంచుతాడు బాబాయ్.