‘ఇంట్రెస్ట్’ అంటే ఆసక్తా, వడ్డీనా, వాటానా? ఎక్కడ ఏది?

తేటమాట (ప్రశ్న):
ఒక ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ఇంట్రెస్ట్’ అన్న మాట నాలుగు చోట్ల వచ్చింది, ప్రతిచోటా వేరే అర్థంలో ఉన్నట్టుంది. నిఘంటువులో ఆసక్తి, వడ్డీ, ప్రయోజనం, హక్కు అని వరసగా ఇచ్చారు గానీ, ఏది ఎక్కడ పనికొస్తుందో లేదు. వాక్యాలు ఇవీ:

1. షి టుక్ యాన్ ఇంట్రెస్ట్ ఇన్ ద కేస్.
2. ది ఇంట్రెస్ట్ ఆన్ ద లోన్ వాజ్ వేవ్డ్.
3. ఇట్ ఈజ్ నాట్ ఇన్ యువర్ ఇంట్రెస్ట్ టు సైన్ నౌ.
4. హి సోల్డ్ హిజ్ ఇంట్రెస్ట్ ఇన్ ద కంపెనీ.

ఒకటిలోనూ నాలుగులోనూ ‘ఇంట్రెస్ట్ ఇన్’ అనే ఉంది కదా, తేడా ఎలా పట్టుకోవాలి? తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి రాసేటప్పుడు ఈ మాటతో ఎక్కడ తప్పులు దొర్లుతాయో కూడా చెప్పగలరు.

పదును:
ముందు నాలుగూ తెలుగు చేసి చూద్దాం.

‘ఆమె ఆ కేసును పట్టించుకోవడం మొదలుపెట్టింది.’
‘అప్పు మీద వడ్డీ మాఫీ చేశారు.’
‘ఇప్పుడే సంతకం పెట్టడం మీకు మంచిది కాదు.’
‘కంపెనీలో తన వాటా అమ్మేశాడు.’

ఒకటిలోనూ మూడులోనూ తెలుగు వాక్యానికి ఆ నామవాచకమే అక్కర్లేకపోయింది, గమనించండి. ‘ఆసక్తి తీసుకుంది’, ‘మీ ప్రయోజనంలో లేదు’ అని మాటకు మాట పెడితే వ్యాకరణం తప్పు కాదు గానీ తెలుగు కాదు. అనువాదంలో ‘ఆసక్తి తీసుకోవడం’ కనిపించిందంటే మూలంలో ‘టేక్ యాన్ ఇంట్రెస్ట్’ ఉందని చదివేవాడు ఇట్టే పసిగడతాడు.

ఇక తేడా పట్టడం. ముందు వెనక వచ్చే ప్రిపోజిషన్ చూడండి. వెనక ‘ఆన్’ ఉండి, ఆ తర్వాత అప్పో డిపాజిటో ఉంటే అది వడ్డీ. ముందు ‘ఇన్’ ఉంటే, అంటే ‘ఇన్ యువర్ ఇంట్రెస్ట్’, ‘ఇన్ ద పబ్లిక్ ఇంట్రెస్ట్’ లాంటివైతే, మేలు, హితం, ప్రయోజనం. వెనక ‘ఇన్’ ఉంటేనే చిక్కు. అక్కడ క్రియ తేలుస్తుంది. టేక్, షో, లూజ్ ఉంటే ఆసక్తి. బై, సెల్, ఓన్, ట్రాన్స్‌ఫర్ ఉంటే వాటా లేదా హక్కు. అంకె కూడా సాయం చేస్తుంది: ‘30 పర్సెంట్ ఇంట్రెస్ట్ ఇన్’ అంటే 30 శాతం వాటా, ‘30 పర్సెంట్ ఇంట్రెస్ట్ ఆన్’ అంటే 30 శాతం వడ్డీ.

‘హి హాజ్ యాన్ ఇంట్రెస్ట్ ఇన్ ద కంపెనీ’ అని ఒంటరిగా ఉంటే మాత్రం రెండర్థాలూ సరిపోతాయి. అప్పుడు ముందు పేరా చదవకుండా అనువాదం చేయకండి. ‘లాస్ట్ ఇంట్రెస్ట్’ అంటే మనసు పోయింది. ‘లాస్ట్ హిజ్ ఇంట్రెస్ట్’ అన్నప్పుడు వాటా పోయిందేమోనని ఒకసారి చూసుకోవాలి.

వాక్యశుద్ధి:
రెండో సగానికి నేను జవాబిస్తాను. తప్పులన్నిటికీ తల్లి మన ‘మీద’. ‘సంగీతం మీద ఆసక్తి’ అంటాం కాబట్టి చేయి అలవాటుగా ‘ఇంట్రెస్ట్ ఆన్ మ్యూజిక్’ అని రాసేస్తుంది. పదును గారు చెప్పినట్టు ‘ఆన్’ వడ్డీది. ఆసక్తికి ఎప్పుడూ ‘ఇన్’: ‘షి హాజ్ యాన్ ఇంట్రెస్ట్ ఇన్ మ్యూజిక్’. ‘పట్ల’ను ‘టువర్డ్స్’ చేయడమూ ఇలాంటి పొరపాటే.

రెండోది ‘యాన్’. ఫలానా దాని మీద ఉన్న ఆసక్తి గురించి చెప్పేటప్పుడు, ముఖ్యంగా ముందు విశేషణం ఉంటే, ఆర్టికల్ తగిలించాలి: ‘ఎ కీన్ ఇంట్రెస్ట్ ఇన్ హిస్టరీ’. ‘షో ఇంట్రెస్ట్’, ‘లూజ్ ఇంట్రెస్ట్’ లాంటి జంటల్లో అక్కర్లేదు. వడ్డీ అర్థంలో ‘యాన్’ రాదు, బహువచనమూ రాదు. మూడు అప్పుల మీద కట్టినా ‘ఇంట్రెస్ట్’ అనే రాయాలి. ‘ఇంట్రెస్ట్స్’ అని రాస్తే అవి అభిరుచులో ప్రయోజనాలో అవుతాయి.

మూడోది ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ హిస్టరీ’. ఆసక్తి కలిగినవాడు ‘ఇంట్రెస్టెడ్’, ఆసక్తి కలిగించేది ‘ఇంట్రెస్టింగ్’. ‘ఇంట్రెస్టెడ్’ తర్వాత క్రియ వస్తే ఇంకో మెలిక ఉంది. ఒక పని చేయాలని ఉంటే ‘ఇంట్రెస్టెడ్ ఇన్ లెర్నింగ్’. తెలుసుకోవాలనో వినాలనో ఉంటే ‘ఇంట్రెస్టెడ్ టు నో’, ‘ఇంట్రెస్టెడ్ టు హియర్’.

చక్రవడ్డీ:
వడ్డీ దగ్గర అంకెలు తారుమారయ్యే చోటొకటి ఉంది, అనువాదకులు తప్పకుండా గుర్తుంచుకోవాలి. ‘నూటికి రెండు వడ్డీ’ అంటే మన వాడుకలో నెలకు. దాన్ని ‘టూ పర్సెంట్ ఇంట్రెస్ట్’ అని వదిలేస్తే ఇంగ్లిష్ పాఠకుడు ఏడాదికి 2 శాతం అనుకుంటాడు. ‘టూ పర్సెంట్ ఎ మంత్’ అని తీరాలి. బారువడ్డీ అయితే అది ఏడాదికి 24 శాతం, నెలనెలా చక్రవడ్డీ కడితే దాదాపు 26.8 శాతం. బారువడ్డీ ‘సింపుల్ ఇంట్రెస్ట్’, చక్రవడ్డీ ‘కాంపౌండ్ ఇంట్రెస్ట్’.

వడ్డీ రేటు 8 నుంచి 10 శాతానికి పెరిగితే ‘2 శాతం పెరిగింది’ అని రాయకండి. పెరిగింది 2 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే పెరుగుదల 25 శాతం.

మూలాక్షరం:
ఒకే మాటకు ఇన్ని అర్థాలెందుకంటే, మూలం లాటిన్ ‘ఇంటెరెస్సె’. ‘ఇంటెర్’ అంటే మధ్య, ‘ఎస్సె’ అంటే ఉండటం. మధ్యలో ఉండటం, దాంతో సంబంధం ఉండటం, దానివల్ల తేడా పడటం. ఆస్తితో సంబంధం హక్కు అయింది, మంచిచెడ్డలతో సంబంధం ప్రయోజనం అయింది. మధ్యయుగ ఐరోపాలో చర్చి వడ్డీ వ్యాపారాన్ని నిషేధించింది. అయితే బాకీ సకాలంలో తీర్చనందుకు ఇచ్చే నష్టపరిహారాన్ని ఒప్పుకునేవారు, దాని పేరే ‘ఇంటెరెస్సె’. వడ్డీ అనే అర్థం అటునుంచి వచ్చింది. మనసు లగ్నం కావడం అనే అర్థం వీటన్నిటికంటే కొత్తది.

‘డిసింటరెస్టెడ్’ కూడా ఈ వెలుగులోనే అర్థమవుతుంది. అంటే ఆసక్తి లేనివాడని కాదు, ఆ వ్యవహారంలో సొంత లాభం లేనివాడు, కాబట్టి నిష్పక్షపాతి. ఆసక్తి లేనివాడు ‘అనింటరెస్టెడ్’. ఇప్పుడు చాలామంది మొదటిదాన్ని రెండో అర్థంలోనూ వాడుతున్నారు గానీ, ఆ తేడా పోగొట్టుకోవడం నష్టమే. జడ్జి ‘డిసింటరెస్టెడ్’గా ఉండాలి, ‘అనింటరెస్టెడ్’గా ఉండకూడదు. తెలుగులో ‘అనాసక్తి’ రాసి ఊరుకుంటే అర్థం తిరగబడుతుంది. వేదాంత పరిభాషలో అది ఫలాపేక్ష లేకపోవడమే అయినా, నేటి వాడుకలో ఇష్టం లేకపోవడమే.

తేటమాట:
చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు. ‘పర్సన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ను ఏమనాలి? ‘ఇంట్రెస్ట్’ బదులు ‘క్యూరియాసిటీ’, ‘హాబీ’ వేయొచ్చా?

పదును:
నేర వార్తలో అయితే ‘పోలీసులు ఆరా తీస్తున్న వ్యక్తి’. ‘నిందితుడు’ అని రాయకండి, అతని మీద ఇంకా అభియోగం లేదు. ‘అనుమానితుడు’ కూడా ఒక మెట్టు ఎక్కువే. అతని దగ్గర సమాచారం ఉండవచ్చు, అంతవరకే.

‘క్యూరియాసిటీ’ కుతూహలం, తెలిసిపోతే తీరిపోతుంది. ‘ఇంట్రెస్ట్’ తెలిసేకొద్దీ పెరగవచ్చు. ‘హాబీ’ చేతులతోనో కాలంతోనో చేసే పని. చరిత్ర ‘ఇంట్రెస్ట్’, నాణేలు సేకరించడం ‘హాబీ’. వాటా అర్థంలో ‘స్టేక్’ చక్కగా సరిపోతుంది, హితం అర్థంలో ‘బెనిఫిట్’ లేదా ‘గుడ్’. వడ్డీకి మాత్రం ప్రత్యామ్నాయం లేదు. ‘యూజరీ’ అధిక వడ్డీ, తిట్టులాంటి మాట.

వాక్యశుద్ధి:
ఒకచోట రెండు భాషలూ కలిసిపోయాయి: ‘హి రిటర్న్డ్ ది ఇన్సల్ట్ విత్ ఇంట్రెస్ట్’. ‘ఆసక్తితో’ అనకండి. ‘అవమానాన్ని వడ్డీతో సహా తీర్చుకున్నాడు’.