అప్‌డేట్: 65 అంగుళాల టీవీయే తీసుకున్నాను, స్ట్రీమింగ్ బాక్స్ కూడా కొనక తప్పలేదు

సోఫాకీ గోడకీ మధ్య ఎనిమిది అడుగులే, 55 అంగుళాల టీవీ చాలా 65 కావాలా, స్ట్రీమింగ్ బాక్స్ (టీవీకి తగిలించి నెట్ వీడియో యాప్స్ చూసే డబ్బా) విడిగా అవసరమా అని పోయిన నెల అడిగాను కదా. సైజు విషయంలో 65 తీసుకోమన్న మీ మాటే విన్నాను. ముందు 65 కొలతకి గోడమీద పాత పేపర్లు అతికించి రెండు రోజులు చూశాను (ఇంట్లో నవ్వనివాళ్లు లేరు). ఇప్పుడు పెద్దదనే అనిపించట్లేదు.

బాక్స్ దగ్గర మాత్రం మొండికేశాను, టీవీలోనే యాప్స్ ఉన్నాయిగా అని. వారంలోనే బుద్ధొచ్చింది. మెనూ నత్తనడక, బటన్ నొక్కి టీ తాగి రావచ్చు. బాక్స్ పెట్టాక ఆ గొడవ లేదు.

అసలు తలనొప్పి వేరే. 4కె (బాగా స్పష్టంగా ఉండే) వీడియో రోజూ భోజనాల వేళే ఆగి ఆగి వచ్చేది. నెట్‌వర్క్ వాళ్లని తిట్టుకున్నాను, పాపం. తీరా చూస్తే వంటింట్లో మైక్రోవేవ్! టీవీ వైఫై, మైక్రోవేవ్ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లోనే, అందుకే ఒకదానికొకటి అడ్డం. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను, అంతే.

సౌండ్‌బార్ పలకకపోతే కేబుల్ మార్చకండి, ముందు టీవీ వెనక ఈఆర్క్ (eARC, టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపేది) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టులోనే పెట్టారో లేదో చూడండి. నేను పక్కదాంట్లో పెట్టి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

సినిమాలు సీరియల్లా కనిపిస్తున్నాయని అమ్మ అంది. మోషన్ స్మూతింగ్ అనే సెట్టింగ్ ఆపేశాను. సెకనుకి 24 ఫ్రేముల సినిమాకి టీవీ సొంతంగా ఫ్రేములు కల్పిస్తోంది మరి. క్రికెట్ లాంటి ఆటలు చూసేటప్పుడు మాత్రం ఉంచుకున్నాను.